రేడాన్ వాయువు – నేల చెప్పేది, ఇల్లు చెప్పేది

మనిషి తాను తినే అన్నమును పరీక్షిస్తాడు. త్రాగే నీటిని వడగడతాడు. పీల్చే గాలి విషయములో మాత్రము కంటికి పొగ, ముక్కుకు వాసన తగిలితే తప్ప అనుమానపడడు. ఈ రెండు సాక్ష్యములకు అందని వాయువు ఒకటి మన కాళ్ళ క్రింది నేలలోనుండి నిత్యము పైకి వస్తూ ఉన్నది. దాని పేరు రేడాన్. ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగాకు తరువాత ప్రముఖమైన కారణముగా దీనిని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అయినను, దీనిని కనుగొనే పరీక్ష చాలా సులభమైనది. నివారించే ఉపాయమును కలదు. ఈ వాయువు స్వభావమును, ఏ ప్రాంతములో దీని భయము ఎక్కువో తెలుసుకునే పద్ధతిని, ఇంటిని పరీక్షించే విధానమును విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

రేడాన్ అనగా ఏమి?

రాళ్ళలోను, మట్టిలోను యురేనియం అత్యల్ప పరిమాణములో అంతటా కలిసి ఉన్నది. యురేనియం-238 తనంత తాను క్షీణిస్తూ, మెట్టు మెట్టుగా వేరు వేరు మూలకములుగా మారుతుంది. ఒక పదార్థములో సగము క్షీణించడానికి పట్టే కాలమును అర్ధాయుష్షు అంటారు. యురేనియం-238 అర్ధాయుష్షు సుమారు 450 కోట్ల సంవత్సరములు. దాని వంశములో పుట్టిన రేడియం-226 అర్ధాయుష్షు 1,600 సంవత్సరములు. రేడియం నుండి పుట్టేది రేడాన్-222. దీని అర్ధాయుష్షు 3.8 రోజులు మాత్రమే.

ఈ వంశములో రేడాన్‌కు ఒక ప్రత్యేకత ఉన్నది. దీనికి ముందు తరముల వారు, తరువాతి తరముల వారు ఘనపదార్థములు, ఇది వాయువు. పైగా జడవాయువు, సామాన్యముగా దేనితోను రసాయనికముగా కలవదు. కావున పుట్టిన రాతిలోనే బందీగా ఉండక, సందు దొరికిన చోట బయటపడుతుంది. 3.8 రోజులు మనకు స్వల్పముగా తోచినను, మట్టి రేణువుల మధ్యనుండి ఇంటిలోనికి ప్రవేశించడానికి ఆ వ్యవధి చాలును. థోరియం వంశములో పుట్టే థోరాన్ అనే సోదర వాయువు అర్ధాయుష్షు సుమారు 56 సెకండ్లే. అందుచేత అది సామాన్యముగా పుట్టిన చోటికి దూరముగా పోలేదు.

పీల్చిన రేడాన్‌లో అధికభాగము తిరిగి ఊపిరితోనే బయటకు పోతుంది. అసలు ప్రమాదము దాని సంతానమైన పొలోనియం-218, పొలోనియం-214 వల్ల కలుగుతుంది. ఇవి ఘనపదార్థములు కనుక గాలిలోని ధూళికణములను అంటుకొని శ్వాసనాళముల లోపలి పొరపై నిలిచి, అక్కడ ఆల్ఫా కణములను వెదజల్లుతాయి. ఆల్ఫా కణమును ఒక కాగితము ఆపగలదు. మన చర్మముపై ఉండే నిర్జీవమైన పొరయును ఆపగలదు. శ్వాసనాళము లోపల అటువంటి కవచము లేదు. అక్కడి సజీవ కణములకే దెబ్బ తగులుతుంది.

గాలిలోని రేడాన్‌ను బెక్వెరెల్ అనే ప్రమాణముతో కొలుస్తారు. సెకనుకు ఒక్క పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్. ఘనమీటరు గాలిలో ఇన్ని బెక్వెరెల్‌లు అని లెక్క చెబుతారు. అమెరికాలో లీటరుకు పికోక్యూరీలలో చెబుతారు. అక్కడి 1 పికోక్యూరీ మన లెక్కలో 37 బెక్వెరెల్‌లు. ప్రపంచములో ఇండ్ల లోపలి సగటు సుమారు 40 బెక్వెరెల్‌లని అంచనా. ఆరుబయట గాలిలో ఇది అంతకన్న చాలా తక్కువ.

గనుల నుండి గృహముల వరకు

ఈ వాయువు పేరు తెలియక ముందే దాని దెబ్బ తెలిసినది. 1556లో వెలువడిన గనుల శాస్త్ర గ్రంథములో అగ్రికోలా అనే జర్మను పండితుడు, కార్పేథియన్ పర్వతముల గనుల ప్రాంతమున ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు ఉన్నారని వ్రాశాడు. ఆ మరణములన్నిటికి ఒక్క రేడాన్ కారణమని చెప్పలేము. గనుల ధూళి కూడ ప్రాణాంతకమే. కాని 1879లో జర్మనీలోని ష్నీబర్గ్ గని కార్మికులను పరిశీలించిన ఇద్దరు వైద్యులు, వారిని చంపుతున్నది ఊపిరితిత్తులలోని దుష్టవ్రణమని నిర్ధారించారు. 1900లో డార్న్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు రేడియం నుండి వాయువు వెలువడుతున్నదని గమనించాడు. ఆ వాయువుకును, ఆ కార్మికుల మరణములకును గల సంబంధము తేటపడడానికి మరికొన్ని దశాబ్దములు పట్టినది. 1988లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ రేడాన్‌ను మానవునికి క్యాన్సరు కలిగించే పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది.

గనిలో ఉండే మోతాదు వేరు, ఇంటిలో ఉండే మోతాదు వేరు కదా అని ప్రశ్న రావచ్చును. ఐరోపాలో జరిగిన 13 అధ్యయనములను కలిపి పరిశీలించిన ఫలితము 2005లో ప్రకటితమైనది. దాని ప్రకారము ఇంటిలోని రేడాన్ ఘనమీటరుకు 100 బెక్వెరెల్‌లు పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చే అవకాశము సుమారు 16 శాతము చొప్పున పెరుగుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, ఊపిరితిత్తుల క్యాన్సరులలో 3 నుండి 14 శాతము వరకు రేడాన్ వల్ల కలుగుతున్నాయి. ఇది ఆయా దేశముల రేడాన్ సగటును, పొగత్రాగుడు వ్యాప్తిని బట్టి మారుతుంది.

పెన్సిల్వేనియాలో ఒక ఇల్లు

ఇండ్లలోని రేడాన్ లోకము దృష్టికి వచ్చిన వృత్తాంతము ఆసక్తికరమైనది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో లిమరిక్ అణువిద్యుత్ కేంద్రములో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. 1984 డిసెంబరులో, పని ముగించి బయటకు వెళ్ళేటప్పుడు కార్మికులను తనిఖీ చేసే యంత్రము ఆయనను చూచి పదే పదే గంట మ్రోగించసాగినది. కేంద్రము అప్పటికి విద్యుదుత్పత్తి ప్రారంభించలేదు. ఆయన ఒకనాటి ఉదయము లోనికి రాగానే, పనిలోనికి పోకుండ, నేరుగా ఆ యంత్రము ముందు నిలిచాడు. అప్పుడును గంట మ్రోగినది! కళంకము కేంద్రములో అంటినది కాదు, ఇంటినుండి తెచ్చుకొన్నదే అని తేలినది.

ఇంటిని పరీక్షించగా లీటరుకు సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ కనబడినది. మన లెక్కలో అది ఘనమీటరుకు దాదాపు 1,00,000 బెక్వెరెల్‌లు. వాట్రాస్ కుటుంబము ఇల్లు విడిచి పోవలసి వచ్చినది. నిపుణులు ఇంటి అడుగుభాగమును బాగుచేసి రేడాన్‌ను తగ్గించిన తరువాత ఆ కుటుంబము మరల అదే ఇంటికి వచ్చి చేరినది.

ఈ వృత్తాంతములో విద్యార్థులు గమనింపవలసిన అంశములు రెండు. ఆ ఇల్లు ఉన్నది ‘రీడింగ్ ప్రాంగ్’ అనే శిలాపంక్తిపై. యురేనియం అధికముగా గల ప్రాచీన శిలలతో కూడిన ఈ పంక్తి పెన్సిల్వేనియా నుండి న్యూజెర్సీ మీదుగా న్యూయార్కు రాష్ట్రము వైపు సాగుతుంది. కావున ప్రాంతము చెప్పిన మాట నిజమే. కాని అదే పంక్తిపై, అదే ఇరుగుపొరుగున ఉన్న ఇండ్లను పరీక్షించినప్పుడు ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క విధముగా కనబడినది. కొన్నిటిలో ఎంతో తక్కువగా ఉన్నది. ప్రాంతము ఒక్కటే, ఫలితములు వేరు. ఈ భేదమునకు కారణము తెలిస్తే రేడాన్ పాఠము సగము తెలిసినట్లే.

ప్రాంతము చెప్పేది ఎంత?

ఒక ఇంటిలో రేడాన్ పేరుకోవడానికి మూడు షరతులు కలవాలి. మొదటిది మూలము, నేలలో యురేనియం, రేడియం ఉండాలి. గ్రానైటు, నైస్ వంటి శిలలలోను, కొన్ని నల్లని పలకరాళ్ళలోను ఇవి అధికముగా ఉంటాయి. రెండవది దారి, నేల గుల్లగానో, శిల పగుళ్ళతోనో ఉండాలి, ఇంటి అడుగున బీటలు, గొట్టములు దిగిన సందులు ఉండాలి. మూడవది ఈడ్పు, ఇంటి లోపలి వెచ్చని గాలి పైకి లేచి బయటకు పోయేటప్పుడు అడుగున పీడనము కొంచెము తగ్గుతుంది. అప్పుడు ఇల్లు నేలలోని గాలిని లోపలికి పీల్చుకుంటుంది. చలిదేశములలో శీతకాలమున తలుపులు మూసి, లోపల వేడి చేసినప్పుడు ఈ ఈడ్పు ఎక్కువగా ఉంటుంది.

భూగర్భ పటము మొదటి షరతును గురించి చక్కగా చెప్పగలదు; రెండవ దానిని కొంతవరకే చెప్పగలదు. మూడవది పూర్తిగా ఆ ఇంటికే సంబంధించినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో దేశములోని కౌంటీలను మూడు మండలములుగా విభజించి ఒక పటమును ప్రకటించినది. సగటున లీటరుకు 4 పికోక్యూరీలకు మించగలదని అంచనా వేసినది మొదటి మండలము. 2 నుండి 4 వరకు రెండవది. 2 కంటె తక్కువ మూడవది. అయోవా రాష్ట్రములోని కౌంటీలన్నియు మొదటి మండలములోనివే. అయినను, ఒక ఇంటికి పరీక్ష అవసరమా కాదా అని తేల్చుకొనడానికి ఈ పటమును వాడరాదని ఆ సంస్థయే స్పష్టముగా చెప్పినది. మూడు మండలములలోను అధిక రేడాన్ గల ఇండ్లు కనబడినవి. పటము ఏ ప్రాంతముపై ముందుగా శ్రద్ధ పెట్టాలో ప్రభుత్వమునకు చెబుతుంది. మన ఇంటిలో ఎంత ఉన్నదో పరీక్ష ఒక్కటే చెబుతుంది.

ఇంటిని పరీక్షించే విధానము

పరీక్షలు రెండు రకములు. స్వల్పకాల పరీక్షకు సాధారణముగా బొగ్గు డబ్బీ వాడుతారు. ఉత్తేజిత బొగ్గు గాలిలోని రేడాన్‌ను పట్టి ఉంచుతుంది. డబ్బీని గదిలో 2 నుండి 7 రోజులు తెరిచి ఉంచి, మూసి, ఆలస్యము చేయకుండ ప్రయోగశాలకు పంపాలి. రేడాన్ 3.8 రోజులకు సగమైపోతుంది కనుక ఈ తొందర. దీర్ఘకాల పరీక్షకు ఒక ప్రత్యేకమైన ప్లాస్టిక్ ముక్క చాలును. ఆల్ఫా కణము తగిలిన చోట దానిపై సూక్ష్మమైన గాయము పడుతుంది. తరువాత ప్రయోగశాలలో క్షార ద్రావణములో ఉంచితే ఆ గాయములు గుంటలై సూక్ష్మదర్శినిలో కనబడతాయి. వాటిని లెక్కపెట్టి రేడాన్ పరిమాణమును గణిస్తారు. ఈ ముక్కను 3 నెలలకు పైగా, వీలైతే సంవత్సరము పొడుగునా ఉంచుతారు. రేడాన్ రాత్రికి పగటికి, చలికాలమునకు ఎండాకాలమునకు మారుతూ ఉంటుంది కనుక దీర్ఘకాల పరీక్షయే సంవత్సర సగటును బాగుగా తెలుపుతుంది.

పరీక్ష చేసేవారు పాటింపవలసిన నియమములు ఇవి:

1. మనుషులు నివసించే గదులలో అన్నిటికంటె క్రింది అంతస్తులోని గదిని ఎన్నుకోవాలి. పడకగది, కూర్చునే గది తగినవి. వంటగది, స్నానాల గది పనికిరావు.

2. పరికరమును నేలకు కనీసము అర మీటరు ఎత్తున, కిటికీలకు, తలుపులకు, బయటి గోడకు ఎడముగా ఉంచాలి. పంకా గాలి, పొయ్యి వేడి, తేమ, ఎండ తగలరాదు.

3. స్వల్పకాల పరీక్షకు 12 గంటలు ముందునుండియు, పరీక్ష ముగిసే వరకును, కిటికీలు మూసి ఉంచాలి. రాకపోకలకు తలుపు తీసి వేయవచ్చును.

4. పరికరమును ఒక చోటినుండి మరొక చోటికి మార్చరాదు. ఉంచిన తేదీ, గంట, తీసిన తేదీ, గంట వ్రాసి ఉంచాలి.

ఫలితమును చదువుట

రేడాన్‌కు, ఇంతవరకు ఏ భయమును లేదు అని చెప్పదగిన గీత లేదు. తగ్గిన కొద్దీ మేలు. అయినను ఆచరణకు ఒక హద్దు అవసరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనమీటరుకు 100 బెక్వెరెల్‌లను ప్రమాణముగా సూచించినది. ఒక దేశమునకు అది సాధ్యము కానప్పుడు 300కు మించరాదని చెప్పినది. అమెరికాలో లీటరుకు 4 పికోక్యూరీలు, అనగా 148 బెక్వెరెల్‌లు ఉంటే ఇంటిని బాగుచేయుమంటారు. మొదటి స్వల్పకాల పరీక్షలో ఈ హద్దు దాటితే భయపడి ఇల్లు విడువనవసరము లేదు. రెండవ పరీక్షతో నిజమును రూఢి చేసుకోవాలి. అంకె హద్దుకు రెట్టింపు దాటితే రెండవ పరీక్షకు ఆలస్యము చేయరాదు.

ఇక్కడ పొగత్రాగేవారు విడిగా వినవలసిన మాట ఒకటి ఉన్నది. లీటరుకు 4 పికోక్యూరీలు గల ఇంటిలో జీవితకాలము నివసించేవారిలో, ఎన్నడును పొగ త్రాగని 1,000 మందిలో సుమారు 7 గురికి, పొగ త్రాగే 1,000 మందిలో సుమారు 62 మందికి ఊపిరితిత్తుల క్యాన్సరు రాగలదని అమెరికా సంస్థ అంచనా. రేడాన్, పొగాకు ఒకదానికొకటి తోడైనప్పుడు ఎంత కీడో ఈ అంకెలు చెబుతున్నాయి. రేడాన్ పరీక్షకు వెచ్చించే ముందు బీడీని, సిగరెట్టును మానడము పైసా ఖర్చు లేని నివారణ.

నివారణోపాయములు

గదిలోనికి గాలి ధారాళముగా వచ్చి పోయేటట్లు చేయడము ప్రథమోపాయము. నేలలోని బీటలను, గొట్టముల చుట్టు సందులను పూడ్చడము రెండవది. అయితే ఇది ఒక్కటే సామాన్యముగా చాలదు. రేడాన్ అధికముగా ఉన్న ఇండ్లలో గచ్చుకు రంధ్రము చేసి, అడుగు మట్టిలోనికి ఒక గొట్టము దించి, చిన్న పంకాతో అక్కడి గాలిని పీల్చి ఇంటి కప్పుకు పైన విడిచిపెడతారు. ఇల్లు నేలను పీల్చకముందే పంకా పీలుస్తుందన్న మాట. చక్కగా అమర్చిన ఏర్పాటుతో రేడాన్‌ను నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గించవచ్చును. తరువాత మరల పరీక్షించి చూడడము మరువరాదు.

మన నేల, మన ఇండ్లు

మన దక్కను పీఠభూమి అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలలపై నిలిచి ఉన్నది. గోలకొండ, మౌలాలీ గుట్టలు ఆ గ్రానైటు ముద్దలే. కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం గని ఉన్నది; నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు ప్రాంతములలో యురేనియం నిక్షేపములు కనుగొన్నారు. కావున మొదటి షరతు మన నేలలో అనేక చోట్ల ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు హైదరాబాదు, నల్లగొండ ప్రాంతముల ఇండ్లలో పైన చెప్పిన విధముగా ఫిల్ములు అమర్చి రేడాన్‌ను కొలిచారు.

మూడవ షరతు విషయములో మాత్రము మన పెద్దలు కట్టిన ఇండ్లు మనకు మేలు చేశాయి. నడుమ వాకిలి, ఎదురెదురు ద్వారములు, ఎత్తైన అరుగు, ఎండాకాలమంతా తెరిచి ఉండే కిటికీలు గల ఇంటిలో రేడాన్ నిలువలేదు. హవేలీల దాలానులలో గాలికి కొదువ లేదు. ఇప్పుడు మనము కడుతున్న ఇండ్లు వేరు. ఏ.సి. కొరకు బిగించిన కిటికీలు, గాలి ఆడని సెల్లారు గదులు, సెల్లారులలోనే నడిచే దుకాణములు, పఠనాలయములు అధికమైనవి. ఉర్దూలో తహ్‌ఖానా అనే నేలమాళిగ పూర్వము ఎండతాపము తీర్చుకొనే చోటు లేక సామాను దాచే చోటు. ఈనాడు అందులో మనుషులు దినమంతా గడుపుతున్నారు. నేల మారలేదు, ఇల్లు మారినది. ‘మన తాతలకు లేని భయము మనకెందుకు’ అనే వాదము అందుచేత నిలువదు.

మన విద్యార్థుల కుటుంబములలో అనేకులకు అమెరికాలో బంధువులు ఉన్నారు. అక్కడి ఇండ్లకు బేస్‌మెంట్ ఉండడము మామూలు. ఇక్కడి నుండి వెళ్ళిన అమ్మకు, నాయనకు, అమ్మీకి, అబ్బాకు ఆ క్రింది గదినే పడకగదిగా ఇవ్వడము కద్దు. అక్కడ బొగ్గు డబ్బీలు అంగళ్ళలో దొరుకుతాయి. ఇల్లు కొనే ముందు పరీక్ష చేయించడమును ఆచారములో ఉన్నది. ‘అన్నా, ఇల్లు పరీక్ష చేయించావా?’, ‘భాయీజాన్, రేడాన్ చూయించారా?’ అని మన విద్యార్థి ఒక్క మాట అడిగితే ఈ పాఠము ప్రయోజనము నెరవేరినట్లే.

మా విన్నపము

కళాశాల కమిటీ పెద్దలకు మేము ఒక విషయము మనవి చేయదలచినాము. నేల అంతస్తులోని తరగతి గదులలోను, వసతిగృహములోను, సెల్లారు ఉన్న చోట అందులోను కొన్ని ఫిల్ములను ఒక సంవత్సరము ఉంచి పరీక్షింపజేయుట అవసరము. విశ్వవిద్యాలయ ప్రయోగశాల సహకారము కోరితే ఇది అధిక వ్యయముతో కూడిన పని కాదు. ఫలితము తక్కువగా వస్తే నిశ్చింత. ఎక్కువగా వస్తే, చేయవలసిన పని ఏమో ముందే తెలిసి ఉన్నది. ఇతరుల బిడ్డలు మన కప్పు క్రింద కూర్చుని చదువుకొంటున్నప్పుడు, వారు పీల్చే గాలి కూడ మన వద్ద ఉంచిన అమానతే.

అభ్యాసము

1. ఒక గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. రేడాన్ ఘనమీటరుకు 148 బెక్వెరెల్‌లు ఉన్నచో, ఆ గదిలో సెకనుకు ఎన్ని రేడాన్ పరమాణువులు క్షీణిస్తాయి? (జవాబు: సుమారు 7,100)

2. బొగ్గు డబ్బీని మూసిన తరువాత 11.4 రోజులు ఆలస్యముగా పరీక్షిస్తే అందులో రేడాన్ ఎన్నవ వంతు మిగులుతుంది? (జవాబు: ఎనిమిదవ వంతు)

3. పెన్సిల్వేనియాలో ఒకే శిలాపంక్తిపై ఉన్న ఇండ్లలో రేడాన్ వేరు వేరుగా కనబడడానికి కారణములను మూడు షరతుల సహాయముతో వివరింపుము.

4. మీ ఇంటిలో నేలకు తగిలి ఉన్న గదులు ఎన్ని? వాటిలో రాత్రి కిటికీలు మూసి పడుకొనేవి ఎన్ని? మొదట ఏ గదిని పరీక్షించాలో కారణముతో వ్రాసి, ఆ కాగితమును మీ ఇంటి పెద్దలకు చూపుము.